పళ్లెం రాకముందే

నిన్న ఉదయం కామారెడ్డిలో మా ఇంటి గేటు తీయగానే తడి పసుపు వాసన గుప్పుమంది. ఎదురుగా ఒకమ్మాయి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్లెంలో పసుపు బియ్యం, పక్కన మడతపెట్టిన చీర. వార్డు ఎన్నికలు వచ్చాయి కదా! గుప్పెడు బియ్యం పట్టుకుని పోచమ్మ మీద ప్రమాణం చేస్తే చీర మనది, ఓటు వాళ్లది. నేను చెయ్యి చాపలేదు. సాయవ్వను ఓడించింది ఆ వాసనే.

సాయవ్వ లింగంపేట దగ్గర మా పుట్టినూరికి సర్పంచ్‌గా చేసింది. సర్పంచ్ అయ్యాక కూడా బీడీలు మానలేదు. మా అమ్మ, నేను, వాడకట్టు ఆడవాళ్లంతా ఆమె అరుగు మీదే ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. ఊరి సంగతులన్నీ అక్కడే తేలేవి. ఆమె నోరు మాత్రం మంచిది కాదు. "ఆకు కత్తిరించుమంటె నోరు ఆడిస్తున్నవేందే" అని నన్ను ఎన్నిసార్లు తిట్టిందో.

మా వాడకట్టు దాటితే కాలనీ. దారికి రెండు పక్కలా అందరం అరుగులు ముందుకు జరుపుకుంటూ పోయాం, దారి సన్నబడిపోయింది. ఒక వానాకాలం కాలనీలో ఒక పిల్ల నొప్పులు పడుతుంటే, తీసుకుపోవడానికి వచ్చిన అంబులెన్సు సాయవ్వ అరుగు దగ్గర ఇరుక్కుని ఆగిపోయింది. ఆ పిల్లను మంచం మీద మోసుకొచ్చారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. మరునాడు మళ్లీ ఆ అరుగు మీదే బీడీలు చుట్టడానికి కూర్చున్నాం. సాయవ్వ చాట పక్కన పెట్టి కొడుకును పిలిచింది.

"గడ్డపార తేరా. ముందుగాల మనది పలగ్గొట్టు."

"అందరియి ఉండంగ మనదే ఎందుకవ్వా?"

"సర్పంచ్‌ను నేను గదా. ఆ బిడ్డ నా అరుగు తాన్నే సచ్చిపోయింది."

ఎవరికీ నోటీసు ఇవ్వలేదు, ఎవరినీ బెదిరించలేదు. సాయంత్రానికి ఎదురింటాయన తన అరుగు తానే తవ్వుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే గడ్డపార పట్టారు. మా అమ్మ కళ్లు తుడుచుకుంటూ రాళ్లు మోసింది. దేశాన్ని మేల్కొలుపుతామని మైకులు పగిలేలా అరిచేవాళ్లను ఆ తర్వాత చాలామందిని చూశాను. తన అరుగు మీద గడ్డపార వేసినవాడు మాత్రం ఒక్కడూ కనబడలేదు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. మొరం తవ్వి అమ్ముకునే గుత్తేదారు ఒకడు ఆమె మీద నిలబడ్డాడు. ఊరి గుట్ట మీద అతని కన్ను. సాయవ్వ ఉన్నన్నాళ్లూ గుట్టను ముట్టనివ్వలేదు. అతను పెద్దగా ప్రచారం చేయలేదు, ఇంటింటికీ పళ్లెం పంపాడు. చీరే కదా అని మా అమ్మతో సహా అందరూ బియ్యం పట్టారు. పోలింగుకు ముందురోజు ఆ ఆడవాళ్లే సాయవ్వ ఇంటికి వచ్చి ఏడ్చారు.

"పోచమ్మ మీద ప్రమాణం జేసినం సాయవ్వా. తప్పితె పిల్లలకు ఏమన్నయితది. ఏం జెయ్యాల్నో నువ్వే జెప్పు" అంది మా అమ్మ.

చీరకిచ్చిన మాట మాటే కాదు పొమ్మంటే చాలు, అందరూ ఆమెకే వేసేవారు. ఆమె అనలేదు.

"ఆడిన మాట తప్పుమని నా నోటితోని నేను జెప్ప. ఇయ్యాల నా కోసం తప్పుతరు. రేపు ఇంకోని కోసం తప్పుతరు."

ఓడిపోయింది. గుట్ట ఉన్నచోట ఇప్పుడు పెద్ద గుంత ఉంది. మా ఊరి జనానికి నీతి లేదని పట్నంలో కూర్చుని అనేవాళ్లున్నారు. నీతి ఉంది కనకే ఆమెను ఓడించారు. ఆ సంగతి గుత్తేదారుకు బాగా తెలుసు. దొంగకిచ్చిన మాటను కూడా దేవుడికిచ్చిన మాటలా కాపాడే మనుషులను దొంగే వాడుకున్నాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిజం చెప్పాలంటే, సాయవ్వ మీద కూడా మండుతుంది.

లారీలు మొదలైనప్పుడు వెళ్లి పోట్లాడాను. "గుట్ట వాయె. నీ నీతిని ఏం జేసుకోవాలె?"

ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండానే అంది: "తప్పు నాదే బిడ్డా. అరుగుల సంగతి జూసిన గని, పళ్లెం ముంగట చెయ్యి చాపకుండ్రని జెప్పలే. గది ముందుగాల జెప్పాలె. పట్టినంక ఏం జెప్తం?"

ఆమె పోయినప్పుడు సంతాప సభలో అందరికంటే పెద్ద దండ వేసింది ఆ గుత్తేదారే. ఆమె అడుగుజాడల్లో నడుస్తానని కూడా అన్నాడు.

"ఏందక్కా, పట్టవా?" అంది గేటు ముందున్న అమ్మాయి.

"పట్ట."

ఆమె భుజాలెగరేసి పక్కింటికి వెళ్లింది. అక్కడ రాజమణి అప్పటికే చెయ్యి చాచింది. "పట్టకు రాజమణీ!" అని అరిచాను. "ఒక్క చీరకు ఏమైతది వదినా" అని నవ్వుతూ గుప్పెడు పట్టుకుంది.

ఇక ఆమెకు నేనేం చెప్పను? చెప్పులేసుకుని, పళ్లెం రాజమణి గేటు దాటకముందే వెళ్లి ఆ తర్వాతి ఇంటి తలుపు కొట్టాను.