సంచి చూపించి బొగ్గు దాచారు

మా కాలనీలో బట్టలు ఆరేసే ముందు దండెం తుడవాలి. తడిగుడ్డ పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగితే గుడ్డ మసిగుడ్డ అయిపోతుంది. ఆనందపురం పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చిన మా వదినకు మొదట్లో ఈ సంగతి తెలియదు. అన్నయ్య తెల్లచొక్కా మీద అడ్డంగా నల్లగీత పడ్డాక తెలిసింది.

ఆటోనగర్‌లో అన్నయ్యా నేనూ లేత్ వర్క్‌షాపు నడుపుతాం. ఇల్లు దగ్గర్లోనే. కింద అన్నయ్యవాళ్లు, పైన మేము. మా కాలనీ గోడ అవతల ఒక కంపెనీ బొగ్గు యార్డు ఉంది. గుట్టల మీద టార్పాలిన్ పట్టాలు కప్పాలి, కప్పరు. నీళ్లు కొట్టాలి, కొట్టరు. గాలి ఇటు తిరిగిందంటే అన్నం గిన్నె మీద మూత తియ్యడానికి కూడా ఆలోచించాలి. ఎదురింటి పాపకు ఆయాసం. చలికాలం వస్తే చాలు, ఆ పిల్ల ముక్కుకు నెబ్యులైజర్ మాస్కు పెట్టుకుని గుమ్మంలోనే హోంవర్కు రాసుకుంటుంది.

అర్జీలు పెట్టాం, కంపెనీ గేటు దగ్గరికి వెళ్లి బతిమాలాం. చివరికి వీధిలో అందరూ కలిసి ఒక టీవీ చానల్‌కు ఫోన్ చేశారు. మాట్లాడ్డానికి మా వదినను ముందుకు తోశారు. నీళ్ల ట్యాంకరు దగ్గర తగువొచ్చినా తీర్చేది ఆవిడే. వీధి తరఫున నాలుగు ముక్కలు గట్టిగా చెప్పాలంటే ఆవిడే చెప్పాలని అందరి నమ్మకం.

మైకుతో ఒకతను, కెమెరాతో ఇంకొకతను వచ్చారు. వదిన డాబా మీద దండెం తుడిచి గుడ్డ చూపించింది. ఎదురింటికి తీసుకెళ్లి పాపను చూపించింది. గోడ ఇవతల నిలబడి బొగ్గు గుట్టల వైపు చెయ్యి పెట్టి మాట్లాడింది. నేను పక్కనే ఉన్నాను కనుక ప్రతి ముక్కా గుర్తుంది.

"ఆల్లకి సెప్పీ సెప్పీ మా నోళ్లు పడిపోనాయి. ఇంక మనమే ఏదోటి సెయ్యాల. అందరం ఎల్లి ఆ గేటు కాడ కూకుంటాం."

వెళ్లేముందు కాఫీ తాగుతూ మైకతను మా వంటింటి గోడకు ఆరబెట్టిన పాల ప్యాకెట్లు చూశాడు. పాతచీరతో కుట్టిన సంచి మేకుకు వేలాడుతుంటే అదేమిటని అడిగాడు. ఇంటికొచ్చిన మనిషి అడిగాడు కదా అని వదిన చెప్పింది. బజారుకు ఈ సంచే తీసుకెళతానని, ప్యాకెట్లు కడిగి పాతసామాన్లవాడికి వేస్తానని. కెమెరా దాన్నీ తీసుకుంది. ఆ కెమెరా అబ్బాయి సగం తాగిన ప్లాస్టిక్ నీళ్ల సీసా మాత్రం మా పిట్టగోడ మీద వదిలేసి పోయాడు. దాన్నీ వదినే పాతసామాన్లలో వేసింది.

కార్యక్రమం వచ్చే సాయంత్రం మా ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. వదిన అందరికీ టీ పెట్టింది. తెర మీద మొదట సంచి వచ్చింది. వెనక వీణ సంగీతం. తర్వాత పాల ప్యాకెట్లు. మన అలవాట్ల వల్లే గాలీ నీరూ పాడవుతున్నాయని, ఈ గృహిణిని చూసి అందరూ నేర్చుకోవాలని ఒక తియ్యటి గొంతు చెప్పింది. ఆ వెంటనే మా వదిన ముఖం. "ఇంక మనమే ఏదోటి సెయ్యాల." అంతే, అక్కడికి కోసేశారు. గేటు లేదు, గుట్టలు లేవు, గుడ్డ లేదు, పాప లేదు. తర్వాత గాలి శుభ్రం చేసే మెషీను ప్రకటన వచ్చింది.

పాప వాళ్లమ్మ, ఎదురింటావిడ, టీ గ్లాసు కింద పెట్టి లేచింది.

"సంచి గురించి సెప్పడానికా వదినా, నిన్ను మాటాడమన్నాం?" అని వెళ్లిపోయింది. ఒక్కొక్కరే ఆమె వెనక లేచారు.

నాకు గుడ్డసంచి మీద ఏ కోపమూ లేదు. టీవీలో ఎవరూ చెప్పక ముందు నుంచే మా ఇంట్లో ఉంది. రుషికొండ బీచ్‌లో చేతికి గ్లవ్స్ తొడుక్కుని చెత్త ఏరేవాళ్లన్నా నాకు గౌరవమే. కొనేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని కొనాలి, నిజమే. కానీ ఎంతసేపూ కొనేవాడికే నీతులా? ప్యాకెట్ కడుక్కునే ఆడమనిషి మారాలి, పట్టా కప్పని కంపెనీ మాత్రం తన మానాన తను ఉండొచ్చా? మా వదిన సంచి అడ్డంపెట్టి బొగ్గు గుట్ట దాచేశారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు వదినా నేనూ ఆ చానల్ ఆఫీసుకు వెళ్లాం. ఏసీ గదిలో ఒకాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. మంచి పాజిటివ్ స్టోరీ అన్నాడు, ఎంతోమంది మెచ్చుకున్నారన్నాడు. మిగతా మాటలు కూడా వెయ్యమని, లేకపోతే పొరపాటు జరిగిందని ఒక్క ముక్క చెప్పమని వదిన అడిగింది.

"అందులో అబద్ధం ఏముందమ్మా? ఆ మాటలు మీవే కదా," అన్నాడాయన.

కావాలంటే వంటింటి చెత్తతో ఎరువు చేయడం మీద ఇంకో ప్రోగ్రాం చేద్దామన్నాడు. నేను గొంతు పెంచాను. ఒక మనిషి మాటను సగానికి కోసి, ఆ సగం ఆమెదే కాబట్టి నిజమేననడం ఏం న్యాయమని అడిగాను. ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఎందుకు కోశారో నాకు తెలియదు. కంపెనీ ప్రకటనల కోసమని మా వీధిలో అంటారు. నా దగ్గర ఆధారం లేదు కనుక నేను ఆ మాట అనను. ఆ పాటి జాగ్రత్త వాళ్లు మా వదిన విషయంలో పడి ఉంటే సరిపోయేది.

సవరణ రాదని తేలిపోయాక వదిన తనే బయల్దేరింది. తప్పు చేసినవాళ్లు చల్లగా కూర్చున్నారు, చెయ్యని మనిషి ఎండలో ఇంటింటికీ తిరిగి సంజాయిషీ చెప్పుకుంటోంది. నేను వెంట వెళ్లాను. కొందరు విన్నారు. కొందరు సరేలే అని తలుపు దగ్గరికి వేశారు. ఆఖరికి ఎదురింటికి వెళ్లాం. లోపల నెబ్యులైజర్ చప్పుడు వినిపిస్తోంది. తను ఏం చెప్పిందో, వాళ్లు ఏం కోసేశారో వదిన మొదటి నుంచీ చెప్పింది. పాప గురించి చెప్పానని, అందరం గేటు దగ్గర కూర్చుంటామన్నానని చెప్పింది. ఎదురింటావిడ ఓపిగ్గా అంతా విన్నది. మనసులో దురుద్దేశం ఉన్న మనిషి కాదు.

"నువ్వు నిజంగా అలాగ సెప్పుంటే టీవీలో రాదేటి, వదినా?" అంది.

ఏ ఇంట్లోనూ మాటకు తడుముకోని మా వదిన ఆ గుమ్మంలో నా వైపు చూసింది. నేను పక్కనే ఉన్నానని, నా చెవులతో విన్నానని చెప్పాను. ఎదురింటావిడ ఒకసారి నా ముఖం చూసి, పాప మాస్కు సరిచెయ్యడానికి లోపలికి వెళ్లింది.