గెలిచిన ముక్కలు బోర్లా పెట్టిన మహానుభావుడు

ముందే చెప్పేస్తున్నాను, ఇది నేను మునిగిన కథ. ఒక్కణ్ణే మునిగి ఉంటే దులుపుకుని లేచి ఊరుకునేవాణ్ణి. ఎనభై ఏళ్ళ పెద్దావిడను కూడా వెంటబెట్టుకుని మునిగాను. అదీ గుట్టుగా కాదు, చప్పట్ల మధ్య.

బందరులో వాతావరణ పరిశీలన కేంద్రంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మూడు గంటలకొకసారి గాలీ వానా చూసి పుస్తకంలో ఎక్కించడం నా ఉద్యోగం. ఉద్యోగం నన్ను వదిలింది గానీ పుస్తకం నన్ను వదల్లేదు. డబ్లిన్‌లో మా అమ్మాయి హైమ దగ్గరకు వచ్చాక కూడా డైరీలో ప్రతిరోజూ మొదటి వాక్యం వాతావరణమే. "వాన. ఎండ. వాన. రెండూ." నా అనుభవాన్ని వెక్కిరించడానికే ఇక్కడి ఆకాశాన్ని తయారుచేశారని నా అనుమానం.

ఇక్కడికి వచ్చాకే పోకర్ అనే పేకాట ఊరంతా పాకిందని తెలిసింది. అల్లుడి ఆఫీసులో పోకర్. మా కింది అంతస్తులో ఉండే ఎం.ఎస్. విద్యార్థులు ట్రామ్‌లో నిలబడి ఫోన్లో చూసేది పోకర్. ఆ ఆటగాళ్ళను నేనూ చూశాను. ఒకడు గదిలో కూర్చుని నల్ల కళ్ళద్దాలు తీయడు. ఒకడు కళ్ళు మూసుకుపోయేంత కిందికి టోపీ దించుతాడు. ఇంకొకడు ఎదుటివాడి ప్రాణం విసిగేదాకా మాట్లాడుతూనే ఉంటాడు. నాటకాల కంపెనీ సామాను బండి బోల్తాపడితే అందులోంచి చేతికందినవి తగిలించుకుని లేచి వచ్చినవాళ్ళలా ఉంటారు.

"నాన్నా, కిటికీ దగ్గర కూర్చుని మబ్బుల్ని లెక్కపెట్టే బదులు నలుగురిలోకి వెళ్ళు," అని హైమ నన్ను సిటీవెస్ట్ అనే పేటలో ట్రామ్ స్టాప్ పక్కన ఉన్న కమ్యూనిటీ హాల్లో చేర్పించింది. అక్కడ బుధవారం మధ్యాహ్నాలు పెద్దవాళ్ళ పోకర్ ఆట. పైసా పందెం లేదు. రంగు బిళ్ళలు, టీ, బిస్కెట్లు. సంవత్సరానికొకసారి పోటీ. గెలిచినవాళ్ళ పేరు ఒక కప్పు మీద చెక్కుతారు.

ఆట నడిపించేవాడు డెక్లన్, రిటైరైన బస్సు డ్రైవరు. హాల్లో కూడా నల్ల కళ్ళద్దాలే. వాటి పుణ్యమా అని టీ బల్లను వారానికొకసారైనా గుద్దుకుంటాడు. కానీ తీయడు. "తీస్తే నా కళ్ళలో ముక్కలు కనిపిస్తాయి, మూర్తీ," అనేవాడు. అయినా డెక్లన్ ముక్కలు హాలంతటికీ తెలుస్తాయి. మంచివి వస్తే ఈల వేస్తాడు.

అసలు మనిషి నూలా. తెల్లటి జుట్టు, ఒళ్ళో ఊలు ఉండ, చేతిలో రెండు అల్లిక సూదులు. ఎదుటివాళ్ళు ఆలోచిస్తున్నంతసేపూ ఆ సూదులు టకటకమంటూ ఉంటాయి. ముక్కలు మంచివైనా చెడ్డవైనా అదే టకటక. ఈ ఆటను మొదలుపెట్టింది ఆవిడ భర్తే. కప్పు కొన్నదీ ఆయనే. ఒక్కసారీ గెలవకుండానే పోయాడు. ఆ తరువాత ఆట నేర్చుకుని తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఆడుతోంది.

"ఆయన పేరు చెక్కిస్తామన్నారు, వద్దన్నాను," అని ఒకసారి చెప్పింది. "మా ఇంటి పేరు ఆ కప్పు మీద ఎక్కితే గెలిచి ఎక్కాలి. ఊరికే ఇస్తే పూలదండ వేసినట్టుంటుంది."

మొదటిరోజే డెక్లన్ నా చేతిలో ఒక అచ్చు కాగితం పెట్టాడు. ఏ ముక్కలు దేనికంటే పెద్దవో చెప్పే జాబితా.

"అక్కర్లేదు," అన్నాను. "మా ఊళ్ళో నలభై ఏళ్ళు మూడు ముక్కలాట ఆడాను."

"అది పోకరేనా?"

"పోకర్‌కి పెద్దన్న."

ఆ రోజే డైరీలో స్కేలు పెట్టి గీతలు గీసి నా సొంత పట్టిక రాసుకున్నాను. అందులో కలర్ పైన సీక్వెన్స్. అంటే ఒకే గుర్తు ముక్కల కంటే వరస సంఖ్యల ముక్కలు పెద్దవి. మూడు ముక్కలాట ఆడే పాఠకులకు ఇందులో తప్పేమీ కనిపించదు. నాకూ కనిపించలేదు. రెండో వారంలో పట్టికలో వేరొక పంక్తి దగ్గర దెబ్బతిని, ఆ ఒక్క పంక్తీ దిద్దుకున్నాను. ఒక తప్పు దొరికింది కాబట్టి తక్కినదంతా ఒప్పేనని తీర్మానించాను. ఇంత క్రమశిక్షణ గల మూర్ఖత్వం ఎవరికో గానీ అబ్బదు.

పోటీ రోజు వచ్చింది. ఒక్కొక్కరే ఓడి తప్పుకోగా చివరికి మిగిలింది నూలా, నేను. బల్ల మీద అందరికీ కనిపించే ఐదు ముక్కలు: ఆఠీను తొమ్మిది, ఆఠీను పది, కళావరు జాకీ, ఆఠీను మూడు, ఇస్పేటు రెండు. నా చేతిలో రెండు, ఆవిడ చేతిలో రెండు. చేతిలోవీ బల్ల మీదవీ కలిపి ఎవరి ఐదు పెద్దవైతే వాళ్ళది గెలుపు. నావి ఆఠీను ఆసు, ఆఠీను ఏడు. కలిపితే ఐదూ ఆఠీన్లే.

సూదులు ఆగాయి. నూలా తన బిళ్ళలన్నీ ముందుకు నెట్టింది.

"అన్నీనా?" అన్నాడు డెక్లన్.

"లెక్క నీకెందుకు, అన్నీ!"

"నేనూ," అన్నాను నా బిళ్ళలన్నీ నెడుతూ.

ఆవిడ ముక్కలు తిప్పింది. ఎనిమిది, రాణి. బల్ల మీది తొమ్మిది, పది, జాకీతో కలిసి ఐదు ముక్కల వరస. సీక్వెన్స్! దాని ముందు నా కలర్ ఎంత? ఆఫీసరు ముందు గుమస్తా అంత. ఓడినవాళ్ళు ముక్కలు చూపించనక్కర్లేదన్నది ఆ హాలు పద్ధతి. బోర్లా పెడితే అవి చచ్చిన ముక్కలే, మళ్ళీ లేవవు. హుందాగా బోర్లా పెట్టాను. లేచి నిలబడి నమస్కారం కూడా చేశాను.

నూలా కప్పును రెండు చేతులతో పట్టుకుని పేర్లున్న వైపు వేలితో తడుముతూ ఉండిపోయింది. ఆ రోజు డైరీలో రాశాను: "వాన. ఓటమి. సీక్వెన్స్ చేతిలో."

మరుసటి బుధవారం హాల్లో అడుగుపెట్టానో లేదో అందరూ లేచి చప్పట్లు. వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడేమోనని. ఎవరూ లేరు. డెక్లన్ ఎదురొచ్చి నల్ల కళ్ళద్దాలు తీశాడు. లోపల నీలం కళ్ళున్నాయని అప్పుడే తెలిసింది. వాటిలో నీళ్ళు కూడా.

"నలభై ఏళ్ళు బస్సు నడిపాను, మూర్తీ. రకరకాల మనుషుల్ని ఎక్కించుకున్నాను. గెలిచిన ముక్కలు బోర్లా పెట్టినవాణ్ణి మాత్రం ఎక్కించుకోలేదు."

"గెలిచిన ముక్కలా?"

టీ పోసే బ్రిజెట్ నా చెయ్యి పట్టుకుంది. "ఇక దాచకు. నీ వెనకాలే కెటిల్ పట్టుకుని నిలబడ్డాను. ఐదు ఆఠీన్లు! స్ట్రెయిట్ కంటే ఫ్లష్ పెద్దదని చంటిపిల్లలకు కూడా తెలుసు. పెద్దావిడ కోరిక తీరాలని ఓడిపోయావు. నేను ఒక్కరికే చెప్పాను."

"ఎవరికి?"

"ఒక్కొక్కరికీ ఒక్కొక్కసారి."

స్ట్రెయిట్ అంటే మన సీక్వెన్స్, ఫ్లష్ అంటే మన కలర్. మూడు ముక్కల్లో ఏది పెద్దదో, ఐదు ముక్కల్లో అది చిన్నదట. నలభై ఏళ్ళ అనుభవం నిలబడ్డచోటే తలకిందులైంది. నా ఎదుట రెండు కుర్చీలు వేసినట్టనిపించింది. ఒకటి మహానుభావుడిది, మెత్తటి దిండుతో సహా. రెండోది తెలివితక్కువవాడిది. ఏది ఎంచుకున్నానో మీరు ఊహించగలరు.

"ఏదో... పెద్దావిడ కదా," అన్నాను నేల చూపులు చూస్తూ.

చప్పట్లు రెట్టింపయ్యాయి. బ్రిజెట్ నా సాసరులో మూడు బిస్కెట్లు పెట్టింది. అందులో ఒకటి చాక్లెట్‌ది. రెండోది నములుతుండగా గుర్తొచ్చి అడిగాను.

"నూలా రాలేదేం?"

డెక్లన్ గోడకున్న అలమారు వైపు చూపించాడు. వాళ్ళ భాషలో అలమారు పేరు ప్రెస్. "పొద్దున్నే వచ్చింది. కప్పు ప్రెస్‌లో పెట్టేసి, చీటీ రాసి వెళ్ళిపోయింది."

చీటీ చదివాను. "ఇది నాది కాదు. పోయినవాడి మీద జాలితో ఇచ్చింది నాకు వద్దు. ఇక ఆటకు రాను."

సగం తిన్న బిస్కెట్ సాసరులో పెట్టేశాను. ముప్పై నాలుగేళ్ళలో కురవని వానను ఒక్కనాడూ పుస్తకంలో రాయలేదు నేను. తుపాను వస్తుందని ఊరంతా అంటున్నా, పాత్రలో పడ్డ చుక్కలనే కొలిచి రాశాను. అలాంటివాణ్ణి, నాలో లేని మంచితనాన్ని నిండుగా కురిసినట్టు ఒప్పుకున్నాను. తొమ్మిదేళ్ళు ఒక మనిషి కష్టపడి గెలిచిన గెలుపు, నేను ఔననడంతో, దానమని ఖాయమైపోయింది.

ఇంటికొచ్చి హైమకు చెప్పాను.

"నిజంగా తెలియకే పెట్టేశావా నాన్నా?"

"తెలియకే."

"మరి అక్కడ చెప్పలేదేం?"

"చప్పట్లు కొడుతున్నారు."

"కొడితే?"

"మధ్యలో ఆపడం మర్యాద కాదనిపించింది."

హైమ వెంటనే, "రేపు పదకొండింటికి రెడీగా ఉండు. ఆవిడ ఇంటికి నేను తీసుకెళ్తాను. డైరీ తెచ్చుకో," అంది. అది పిలుపు కాదు, సమన్లు.

మర్నాడు దారిలో హాలు దగ్గర ఆగి డెక్లన్‌ను అడిగి కప్పు తీసుకున్నాం. నూలా తలుపు తీసి, నన్ను చూసి, నా చేతిలోని సంచీ చూసి, వీపు తిప్పి వంటింట్లోకి నడిచింది. టీ మాత్రం పెట్టింది. ఈ దేశంలో శత్రువుకైనా టీ ఇవ్వకుండా తిట్టరు.

"నూలా, నేను జాలిపడలేదు. నాకు ఆటే సరిగ్గా రాదు," అన్నాను.

"అబద్ధానికైనా అందం ఉండాలి. రోజుకు నాలుగుసార్లు వాన రాసుకునే మనిషికి ఫ్లష్ పెద్దదని తెలియదా?"

పట్టిక తీసి చూపించాను. "ఇదిగో, పైన సీక్వెన్స్, కింద కలర్."

"నాకు తెలుగు రాదు. అది నీ చాకలి పద్దు అన్నా నమ్మాలి నేను. అయినా, రాత్రి కూర్చుని రాసి ఉండొచ్చుగా?"

చూశారా? జీవితమంతా పద్ధతిగా బతికితే ఇదీ ఫలితం. ఒక్కసారి తెలివితక్కువవాడినంటే నమ్మే దిక్కు లేదు.

"పోటీ రోజు పొద్దున ఏం రాశావో చదువు," అంది హైమ.

ఆ పేజీ తీశాను. తీయగానే మూసేద్దామనుకున్నాను. హైమ వేలు అడ్డం పెట్టింది. ఇక తప్పక ఇంగ్లీషులోకి మార్చుకుంటూ మొదలుపెట్టాను. "ఆరు గంటలు. మబ్బు. పడమటి గాలి. ఈ రోజు గౌరవనీయురాలైన నూలా గారితో ఆడే భాగ్యం..."

"నాన్నా, గౌరవనీయురాలు ఎక్కడుంది అందులో?" అంది హైమ తెలుగులో.

"అర్థం అదే వస్తుందిలే, ఊరుకోమ్మా."

"ఏమంటోంది అమ్మాయి?" అంది నూలా.

"నా దస్తూరీ బాగుందంటోంది."

"దస్తూరీ మెచ్చుకునే ముఖంలా లేదు. అమ్మాయ్, నువ్వు చదువు. ఉన్నది ఉన్నట్టు."

హైమ నా వైపు చూసింది. నేను సీలింగు వైపు చూశాను. హైమ ఒక్కొక్క మాటా ఇంగ్లీషులో చెప్పింది.

"'ఈ రోజు ఆ ముసలమ్మ పొగరు దించకపోతే నేను మూర్తినే కాను. సూదులు టకటకలాడించి ఎదుటివాడి బుర్ర తినడమే ఆవిడ ఆట. భర్త కప్పు, భర్త కప్పు అని అందరినీ కరిగిస్తోంది. కరిగేవాళ్ళు కరగనీ. నేను కరిగేది లేదు. కప్పు తెచ్చి టీవీ పక్కన పెడతాను.'"

నేను సంచీలో తల పెట్టి దాక్కునే వీలుందా అని చూశాను. కప్పు అడ్డం ఉంది.

"కరిగేది లేదు అని రాశాడా?" అంది నూలా నెమ్మదిగా.

"రాశాడండీ," అంది హైమ.

"టీవీ పక్కన పెడతానన్నాడా?"

"చోటు కూడా కొలిచాడు. పదకొండు అంగుళాలని పక్కనే ఉంది."

నూలా భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని లేవబోయాను. నవ్వుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారేటట్టు, బల్ల మీద చెయ్యి కొడుతూ నవ్వింది. "ఇంకొకసారి చదువమ్మాయ్, ఆ పొగరు దగ్గర నుంచి." హైమ చదివింది. మూడోసారి కూడా చదివించుకుంది.

"అయినా నూలా, ముక్కల ప్రకారం ఆ రోజు నేనే..." అని నేను నసిగాను.

"నోర్మూసుకో. ముక్కలు బోర్లా పెట్టమని నేను చెప్పానా? తెలివితక్కువవాణ్ణి గెలిస్తే అది గెలుపే. దయగలవాణ్ణి గెలిస్తేనే గెలుపు కాదు. నన్ను ఓడించాలని ఇంత కుళ్ళుకుని ఓడిపోయావు చూడు, ఇది గ్రాండ్!"

సంచీలోంచి కప్పు తనే తీసుకుంది. వచ్చే బుధవారం అందరి ముందూ హైమ ఆ పేజీ చదవాలన్నది ఆవిడ షరతు. హైమ సెలవు పెట్టి మరీ వచ్చి చదివింది. నా మహానుభావత్వం అక్కడికక్కడే దిగిపోయింది. బ్రిజెట్ నా సాసరులోంచి చాక్లెట్ బిస్కెట్ వెనక్కి తీసుకుంది. డెక్లన్ మళ్ళీ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, "అందులో నా గురించి ఏముంది?" అన్నాడు. నూలా మాత్రం నిలబడి, కప్పు మీద కొత్తగా చెక్కించిన తన పేరు అందరికీ వినబడేటట్టు చదివింది.

అందుచేత సూర్యచంద్రుల సాక్షిగా, అంటే ఈ ఊళ్ళో కనిపించే రోజున వాళ్ళ సాక్షిగా, ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా నన్ను మంచివాడని చప్పట్లు కొడితే, ఎందుకో కనుక్కునేదాకా నవ్వను, తల వంచను, బిస్కెట్ ముట్టను. ఈ మాట డైరీలో రాసి సంతకం చేశాను. రాసినదే చదివానని నమ్మకం కోసం పక్కన హైమ సంతకం కూడా తీసుకున్నాను.