గేట్లు ఎత్తిన రోజు మా ఇంటికి తాళం

సాగర్‌లో మేము కాపురముండేది హిల్ కాలనీలో. మా ఆయనకు ఆనకట్ట దగ్గరే ఉద్యోగం. ఎండాకాలంలో ఈ ఊరి ముఖం చూసేవాళ్లుండరు. నీళ్లు అడుగంటి, ఒడ్డు పొడుగునా బండలు తేలతాయి. లాంచీలు ఒక పక్కన కట్టేసి ఉంటాయి. చేపలు వేయించి అమ్మేవాళ్లు మధ్యాహ్నమే కొట్టు ముందు పరదా దించుకుని నిద్రపోతారు. నిజం చెప్పాలంటే నాకు ఆ రోజులే ఇష్టంగా ఉండేవి.

వానాకాలంలో పైన శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో చెప్పగానే నేను ఉల్లిగడ్డలు ఎక్కువ తెప్పించి పెట్టేదాన్ని. ఇంకొన్నాళ్లకు మా గేట్లూ ఎత్తుతారు, ఆ వెంటనే చుట్టాలు దిగుతారు. నార్కట్‌పల్లి వాళ్లు, నల్లగొండ వాళ్లు, మిగతా ఏడాదంతా ఫోనైనా చెయ్యని మేనమామ కొడుకులు. నీళ్లు చూసి పోదామని వచ్చామంటారు. చూడటం గంట, తినడం రెండు పూటలు. తడిసిన బట్టలతో తిరిగొచ్చి ఆ నీళ్లెట్లా దూకుతున్నాయో నాకు వర్ణించి చెప్పేవారు. నేను పప్పు వడ్డిస్తూ ఊకొట్టేదాన్ని. వాళ్లను సాగనంపి, గిన్నెలు తోమి, దుప్పట్లు ఉతికి ఆరేసేసరికి గేట్లు దించేసేవారు. కొన్నేళ్లయితే అసలు ఎత్తనే ఎత్తరు. పదకొండేళ్ల కాపురంలో ఎత్తిన గేట్లను నేను ఒక్కసారీ చూడలేదు. వంటింట్లోకి ఆ హోరు వినిపిస్తుంటే కడుపు మండేది.

అందరికంటే ముందు వచ్చేది మా ఆడబిడ్డ, ఆయన అక్క, రామన్నపేట నుంచి ఇంటిల్లిపాదితో. ఆ ఏడు కూడా ఫోన్ చేసింది. "రేపు వస్తున్నం" అంది.

"రండి వదినె" అన్నాను.

మర్నాడు మా ఆయన డ్యూటీకి వెళ్లగానే ఇంటికి తాళం వేశాను. ఫోన్ ఆపేసి సంచిలో పడేశాను. ఏమన్నా అనుకోనీ అని ఆటో ఎక్కి, ఆనకట్టకు దిగువనున్న కొత్త వంతెన దగ్గర దిగాను.

గేట్లన్నీ తెరిచి ఉన్నాయి. నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. ఇంత దూరం వరకు తుంపర వచ్చి ముఖాన పడింది. నాకు ఏడుపొచ్చింది. అక్కడ అందరి ముఖాలూ తడిగానే ఉన్నాయి కాబట్టి సిగ్గుపడకుండా ఏడ్చాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

వెనక్కి తిరిగితే రోడ్డు పక్కన చాప పరుచుకుని, చుట్టూ క్యారియర్లు పెట్టుకుని మా వదినె. ఆమె ఇంటివాళ్లు వంతెన కమ్మీల దగ్గర నీళ్లు చూస్తున్నారు. తప్పించుకుందామంటే జనం కదలనివ్వలేదు. ఆమె చూడనే చూసింది, చెయ్యి ఊపి పిలిచింది.

"మీ ఇంటికి పోయినం. తాళమున్నది" అంది, నేను దగ్గరికి వెళ్లగానే. "నీ ఫోన్ కలువకపాయె. తమ్మునికి చేస్తే ఇంట్లనే ఉండాలె గదా అన్నడు. జర ఫికరైంది."

నేను చెప్పులు విడిచి చాప మీదికి వచ్చాను.

"ఏటేటా నువ్వు పొయ్యి కాడనే ఉంటవు. ఈసారన్న నిన్ను తోలుకొచ్చి సూపిద్దామని తెల్లారకముందే లేసి అన్నీ వండుకొచ్చిన" అంటూ క్యారియర్ విప్పింది. చేపల పులుసు, జొన్న రొట్టెలు, పెరుగన్నం.

బజారుకు వెళ్లానన్న అబద్ధం నాలుక చివరనే ఉంది. కానీ ఆ పులుసు గిన్నె ముందు అది బయటికి రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"వదినె, మీరొస్తరనే తాళమేసి వచ్చిన."

రొట్టె తుంచుతున్న ఆమె చెయ్యి ఆగలేదు.

"ఫోన్ బందు పెట్టినప్పుడే సమజైంది. ముందుగాల తిను, సల్లారుతది."

నన్ను నీళ్లు కనిపించే వైపు కూర్చోబెట్టింది. తను నీళ్లకు వీపు పెట్టి కూర్చుని నాకు వడ్డించింది.