డీలక్సు గదిలో కొరమీనులు

రెండు రోజులు హాయిగా గడపాలని అనంతపురం నుంచి బెజవాడ వెళ్ళాం. రైలెక్కింది మొదలు మా పది నెలల పాప పాలు ముట్టలేదు.

హోటల్ మేనేజరు చూపించిన మొదటి గదిలో బాల్కనీ కమ్మీల మధ్య పాప తల దూరేంత సందు ఉంది. వద్దన్నాను. రెండోది ఏసీ డీలక్సు. దాని స్నానాలగదిలో నిగనిగలాడే పింగాణీ తొట్టి, ఆ తొట్టి నిండా బతికున్న కొరమీనులు!

"రేపు మా బాబాయి కూతురి పెళ్ళండీ, చర్చిలో. విందుకి చచ్చిన చేప పెడితే వియ్యాలవారు ఊరుకుంటారా?" అన్నారాయన.

"మరి మేం స్నానం ఎక్కడ చెయ్యాలి?" అన్నారు మావారు.

"బకెట్టుందిగా అండీ. తొట్టిలో పడుకుని ఎవరు చేస్తారు చెప్పండి?"

ఇంతలో పాప చేపల్ని చూసి కిలకిలా నవ్వింది. పాలసీసా నోటికిస్తే గటగటా తాగేసింది. ఆ గదే తీసుకున్నాం.

మర్నాడు పొద్దున్నే పెళ్ళికూతురి తండ్రి గంపతో వచ్చారు. సిగ్గు విడిచి అడిగాను. "ఒక్కటి ఉంచుతారా?"

"పులుసుకా అమ్మా?"

"కాదండీ, మా పాప పాలు తాగడానికి."

ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. ఒక చిన్న చేపను ఉంచబోయి, పాప వంక చూసి, దాన్ని మళ్ళీ గంపలో వేశారు. "ఇది పిల్లదాని కంటికి ఆనదులే," అంటూ అన్నిటికంటే పెద్దదాన్ని తొట్టిలో వదిలారు.