కబురు తెచ్చినాను

మైకు పట్టుకుని ఊరంతా తిరిగే ఆడపిల్లని ఆ రోజుల్లో ఖరగ్‌పూర్‌లో ఎవరూ మెచ్చుకోలేదు. నేనూ మెప్పు కోసం తిరగలేదు. మా నాన్న రైల్వే కార్ఖానాలో పనిచేస్తూ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. క్వార్టరు ఖాళీ చేసి అమ్మా నేనూ సుభాష్‌పల్లిలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. అమ్మకి చూపు ఆనేది కాదు. నాకు ఇరవై ఏళ్ళు. గోల్‌బజార్‌లో బట్టల కొట్టు సేఠ్‌కి తన సరుకు గురించి మైకులో చెప్పడానికి తెలుగు మనిషి కావాలని తెలిసి, వెళ్ళి నిలబడ్డాను. ఆ పని పోతే మా పొయ్యి వెలగదు, అంతే సంగతి.

నాకు ముందు ఆ పని చేసిన మగాడు సాయంత్రాలు రిక్షాలో తిరుగుతూ గొంతు చించుకునేవాడు. ఒక్క ఆడమనిషీ కొట్టుకి వచ్చేది కాదు. సేఠ్ తల పట్టుకుంటే నాకు నవ్వొచ్చింది. మొగుడు ఇంట్లో ఉండగా ఏ ఇల్లాలు వీధివైపు చెవి పెడుతుందండీ? ఆయనకి నీళ్ళు, టీ, పిల్లల గోల, రాత్రికి వంట. ఆ వేళప్పుడు దేవుడొచ్చి పిలిచినా పలకదు.

"టైము నాకొదిలెయ్యండి సేఠ్‌జీ," అన్నాను. ఆయన "ఠీక్ హై" అన్నాడు గానీ నమ్మలేదు.

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మావాళ్ళ ఇళ్ళన్నీ కార్ఖానా సైరన్ మీదే నడిచేవి. పొద్దుటి సైరన్‌కి మగాళ్ళు సైకిళ్ళెక్కి పోతారు. తర్వాత కొళాయి నీళ్ళు, అంట్లు, బట్టలు. పదింటికి కొళాయి ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మధ్యాహ్నం భోజనాలకి ఎసరు పెట్టేదాకా ఒక్క గంట ఆడదానిది. గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతుంది, జడ విప్పుకుంటుంది, పక్కింటావిడతో నాలుగు మాటలాడుతుంది. నా రిక్షా ఆ గంటలోనే వీధిలో ఉండాలి. సోమవారం వద్దు, దుప్పట్లు ఉతుకుతారు. శుక్రవారం తలంట్లు. క్రైస్తవుల ఇళ్ళున్న వరసలోకి క్రిస్మస్‌కి నెల ముందునుంచీ వెళ్ళాలి. ఇదంతా ఎవరూ నేర్పలేదు. ఆ వీధుల్లోనే పెరిగినదాన్ని.

వేళ ఒక్కటే చాలదని మాట కూడా మార్చాను. చీరలని మొదలెడితే తలుపులేసుకుంటారు. అందుకని ముందు చీర ఊసే ఎత్తేదాన్ని కాదు. "అమ్మలూ, అక్కలూ, గుమ్మంలోకి రండి! కబురు తెచ్చినాను!" అనేదాన్ని, మా యాసలోనే. కబురన్నాక ఎవరు లోపల కూర్చుంటారు? శ్రీకాకుళం నుంచి ఒక్క కార్డు ముక్క వస్తే పదిమంది చదివించుకునే వీధి అది. బయటికొచ్చి, నన్ను చూసి, "ఓసి నీ కబురు పాడుగాను" అని తిట్టేవాళ్ళు. నవ్వుతూ తిట్టేవాళ్ళు, తిడుతూ వినేవాళ్ళు. నెల తిరక్కుండా కొట్టు నిండింది. నా అంతటిది లేదని విర్రవీగాను.

ఇంకో సంగతి చెప్పాలి. సైరన్ వేళ కాని వేళ మోగిందంటే కార్ఖానాలో ఎవరికో ఏదో అయిందని అర్థం. అది వినగానే ఆడవాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలేసి గుమ్మాల్లోకొచ్చి నిలబడేవాళ్ళు, ఆఫీసు మనిషి ఎవరింటి ముందు సైకిలు దిగుతాడోనని. చిన్నప్పుడు అమ్మ కుచ్చిళ్ళు పట్టుకుని అలా ఎన్నిసార్లు నిలబడ్డానో. నాకు తెలియని సంగతి కాదు.

ఆ రోజు బుధవారం. రాత్రంతా వాన కురిసి తెల్లారి ఎండ కాసింది. రిక్షా తొక్కే ముసలి ఒడియా దాదా గుంటలు తప్పించుకుంటూ మెల్లగా పోతున్నాడు. మైకు గొట్టం రిక్షా టాపుకి, సరిగ్గా నా నెత్తిమీదే కట్టి ఉంది. అది అరుస్తుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. "అమ్మలూ, అక్కలూ" అన్నానో లేదో ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే వరసంతా గుమ్మాల్లోకొచ్చేసింది. సబ్బు నురగ చేతులతో ఒకావిడ, చంటిదానికి పాలిస్తూనే ఇంకొకావిడ. అబ్బ, సేఠ్ ఇవాళ చూడాల్సింది అనుకున్నాను. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదని నా కళ్ళకి ఆనలేదు. ఇంకా గొంతు పెంచి, "కబురు తెచ్చినాను!" అని అరిచాను.

చివరి ఇంట్లోంచి ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. కాపురానికి కొత్తగా వచ్చినట్టుంది, నా రిక్షాని అంతకుముందు చూడలేదు. వచ్చి రిక్షా కడ్డీ పట్టుకుంది.

"ఎవులికి? ఎవులికమ్మా?" అంది.

చీరలు ఎవరికని అడుగుతోందనుకున్నాను. నా పాడు నోటికి ఆ క్షణాన చమత్కారం కావాల్సొచ్చింది. మైకులోనే, వీధంతా వినేలా, రాగం తీసి చెప్పాను.

"అందరికీనమ్మా! నీకూ, మీ పక్కింటోళ్ళకీ, ఈ వరసలో అందరికీ!"

ఆ పిల్ల కడ్డీ వదలకుండానే కూలబడింది. ఎవరో కెవ్వుమన్నారు. దాదా రిక్షా దిగి, "దీదీ, బంద్ కరో!" అంటూ నా చేతిలో మైకు లాక్కున్నాడు. మైకు ఆగాక అప్పుడు వినిపించింది సైరన్.

మా అమ్మని ఎరిగిన ఒక పెద్దావిడ నా మీదికొచ్చింది. "సిగ్గునేదేటే నీకు? ఈ ఈదిలోనే పెరిగినావు. మా మొకాలు సూసైనా తెలవనేదా?" అని, ఆ పిల్లని లేవదీసింది. "లెగమ్మా, అది సీరలమ్ముకునే రిక్సా."

ఆ పిల్ల నావైపే చూసింది. "అయితే మాయాయనకేటీ అవ్వనేదా?"

"ఏటీ అవ్వనేదు తల్లీ. నాను సీరల గురించి సెప్పినాను," అన్నాను. నాకేం తెలుసని అన్నానో ఇప్పటికీ తెలీదు. ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వబోయింది.

అప్పుడే వీధి మొదట్లో ఆఫీసు మనిషి సైకిలు కనబడింది. నెంబర్లు చూసుకుంటూ ఒక్కో గుమ్మమే దాటుకొచ్చాడు. దాటిన గుమ్మంలో ఆడవాళ్ళు అక్కడే చతికిలబడి ఏడ్చారు, తమది కాదన్న ఏడుపు అది. అతను చివరి ఇంటి ముందు దిగాడు.

సేఠ్ ఆ సాయంత్రం, "వీధి అంతా బయటికి వచ్చిందటగా! బహుత్ అచ్ఛా. రోజూ అదే మాట బోలో," అన్నాడు. జరిగింది చెప్పాను. పాపం అన్నాడు. ఆ మాట ఇక నోట అననన్నాను. అయితే అనేవాళ్ళని చూసుకుంటానన్నాడు. దాదా ఆ తర్వాత నా రిక్షా తొక్కలేదు. నేను మాత్రం నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని, అమ్మ అన్నం ముద్ద సగమే తిని మిగతాది నాకు అట్టేపెట్టడం చూసి, అయిదో రోజున మళ్ళీ రిక్షా ఎక్కాను. ఆ మాటే అన్నాను. ఆ ఒక్క వీధీ వదిలేశాను. అదే నా నీతి.

నెల తర్వాత గోల్‌బజార్ దారిలో కబురు తెచ్చినానని అరుస్తున్నాను. స్టేషన్‌కి పోతున్న రిక్షా ఒకటి ఆగింది. అందులో ట్రంకుపెట్టె, ఒక ముసలాయన, పక్కన ఆ పిల్ల. నా గొంతు గుర్తుపట్టింది. నుదురు బోసిగా ఉంది. దిగి వచ్చి, ఆ రోజు పట్టుకున్న కడ్డీనే పట్టుకుంది. నేను మైకు ఆపేశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె గొంతులో కోపం లేదు. లెక్క తేలని దానిలా అడిగింది.

"అందరికీ అన్నావు కదమ్మా. మరి నా ఒక్కదానికే అయినాదేటి?"