ముప్పై రెండు వోల్టుల శిలువ

ఇరవై నాలుగేళ్ళ వయసులో నాకు దేవుడు లేడు గానీ, ఒక మల్టీమీటర్ ఉండేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వు నా చుట్టూ ఉన్నవాళ్ళకు వచ్చేది, నాకు కోపం వచ్చేది. కాలేజీలో దిష్టి మీద, వాస్తు మీద, ముహూర్తాల మీద జరిగిన ప్రతి చర్చలోనూ నెగ్గి, ఆ నెగ్గిన గొంతుతోనే ఖతర్ వచ్చి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ వర్క్‌షాపులో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. పనివాళ్ళను క్యాంపుల నుంచి సైట్లకు చేరవేసే బస్సులు మావి. ప్రతి బస్సు అద్దం ముందూ ఒక నిమ్మకాయో, తాయెత్తో, పటమో వేలాడుతుండేది. నా కంటికి అది వర్క్‌షాపు కాదు, సంస్కర్త కోసం ఎదురుచూస్తున్న బీడు. నా మీటర్ తెర మీద, పై మూలకు, "ప్రశ్నించనిదే నమ్మకు" అని రాసిన కాగితం ముక్క అంటించాను. ఎవరైనా నమ్మకాల మాట ఎత్తితే మీటర్ తీసి ఆ కాగితం ముఖానికి ఎదురుగా పట్టేవాణ్ణి. తెలుగువాళ్ళు చదివి పక్కకు తప్పుకునేవాళ్ళు. నేపాలీలు చదవలేక, వోల్టేజీ చూపిస్తున్నాననుకుని, మర్యాదగా తలూపేవాళ్ళు.

ఎండాకాలం ముందర బస్సులన్నిటికీ ఛార్జింగ్ పరీక్ష చేయాలి. మొదటి బస్సు పాస్టర్ గారిది. (ఆయన పాస్టర్ కాదు, డ్రైవరే. పశ్చిమ గోదావరి మనిషి. తాళం తిప్పేముందు స్టీరింగ్ మీద తల ఆనించి ప్రార్థన చేసేవాడు కాబట్టి ఆ పేరు పడింది.) ఇంజన్ నడుస్తుంటే ఆ బస్సు బ్యాటరీల మీద ఇరవై ఎనిమిది వోల్టుల దాకా రావాలి. నా మీటర్ ముప్పై రెండు చూపించింది. అంత ఎక్కువైతే బ్యాటరీలు ఉడికిపోతాయి. వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ మార్చాను. ముప్పై రెండు. ఏకంగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటరే మార్చాను. ముప్పై రెండు. చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది. అప్పుడు తలెత్తి చూస్తే డాష్‌బోర్డు మీద దోషి కనిపించాడు: ఏషియన్ టౌన్ బజారులో కొన్న ప్లాస్టిక్ శిలువ, బ్రేకు తొక్కితే ఎర్రగా, వదిలితే నీలంగా వెలిగేది.

నా ఆనందం ఏమని చెప్పను! సిద్ధాంతం కూడా చేతికి అందొచ్చింది. ఎంత కరెంటు పంపాలో ఆల్టర్నేటర్‌కు తెలియజేసే సన్న తీగ ఒకటి ఉంటుంది. దాని మీద వేరే దీపం బరువు వేస్తే, వోల్టేజీ తగ్గిందని మోసపోయి ఆల్టర్నేటర్ ఇంకా ఇంకా పంపుతుంది. శాస్త్రం తప్పు కాదు. పాస్టర్ గారు శిలువను ఆ తీగకే కలిపాడని నేను తీర్మానించడమే తప్పు. విప్పి చూడాలని గానీ, ఇంకో బస్సు కొలవాలని గానీ అనిపించలేదు. దోషి దొరికాక సాక్షులెందుకు?

"మూఢత్వానికి వైరింగ్ కూడా చేశారన్నమాట, అదీ ఆల్టర్నేటర్ తీగకే!" అన్నాను, మెకానిక్కులందరూ వినేలా.

"ఆ తీగ జోలికి నేనెళ్ళలేదండి బాబూ. వేరే తీగ లాగానండి, ఆయ్. దేవుడి తోడు," అన్నాడు పక్కనే ఉన్న పాస్టర్ గారు.

"సాక్షిగా రాలేని వాడి మీద ఒట్టు చెల్లదు," అన్నాను. (ఆ వాక్యం మీద కాలేజీలో చప్పట్లు పడేవి. ఇక్కడ ఒక స్పానర్ కింద పడింది.)

మా ఫోర్‌మన్ కరీంనగర్ మనిషి. ప్రతి మాటకూ అరబ్బీలో "యల్లా", అంటే "పదండి", అంటాడు కాబట్టి అందరికీ యల్లా అన్న. నేను రాసిచ్చిన రిపోర్టు చదివి, "కంపెనీ బండికి సొంత వైరింగ్ చేసుడేంది పాస్టరూ? ఇంతకుముందే ఒక వార్నింగ్ లెటర్ ఉన్నది నీకు. గిది రెండోది. రెండోది అస్తే ఇంటికే, ఎరుకేనా? యల్లా, నేను ఆఫీసుకు పోతున్న," అని వెళ్ళిపోయాడు.

పాస్టర్ గారు శిలువ ప్లగ్గు పీకి జేబులో పెట్టుకున్నాడు. కోప్పడలేదు. "మా పిల్లకి నర్సింగు ఇంకో ఏడాది ఉందండి," అన్నాడు, నాతో కాదు, బస్సుతో చెప్పినట్టు. తర్వాత నా వైపు తిరిగి, "సైన్సు బాబూ, ఒక్క మాటండి. నన్ను ప్రశ్నించారు. నా శిలువని ప్రశ్నించారు. మరి ఆ మీటర్ని ఎవరు ప్రశ్నించారండి?"

నేను నవ్వాను. ఆయన్ని శాశ్వతంగా ఓడించడానికి పక్క బస్సు కొలిచాను. ముప్పై రెండు. దాని పక్కది. ముప్పై రెండు. స్టోరులోకి పరుగెత్తి, ఏ బండికీ ఇంకా ఎక్కని కొత్త బ్యాటరీ మీద పెట్టాను. పన్నెండున్నర దాటి కొంచెం చూపించాల్సింది పద్నాలుగు పాయింట్ నాలుగు చూపించింది.

"షెల్ఫులో కూర్చున్న దీనికి శిలువ ఎవరు తగిలించారండి?" అన్నాడు వెనకనుంచి పాస్టర్ గారు.

ఆయనే వంగి, గోటితో నా కాగితాన్ని పీకాడు. దాని కింద, తెర మూలన, చిన్న బ్యాటరీ బొమ్మ మిణుకుమిణుకుమంటోంది. మీటర్ లోపలి బ్యాటరీ అయిపోవస్తే ఆ బొమ్మ వస్తుంది. అది వచ్చాక మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ అంకెలు చెబుతుంది. అది ఎన్నాళ్ళుగా నాకు చెప్పాలని చూస్తోందో! ప్రశ్నించమనే కాగితంతో దాని నోరు మూసింది నేనే.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ క్షణంలో నా బుర్ర చాలా చురుగ్గా పనిచేసింది. శిలువ ఎలాగూ పీకేశాడు. గుట్టుగా మీటర్‌కు కొత్త బ్యాటరీ వేసి, యల్లా అన్న ముందు మళ్ళీ కొలిస్తే ఇరవై ఎనిమిది వస్తుంది. శిలువ తీశాం, వోల్టేజీ దిగింది, నిరూపణ అయిపోయింది! నా పరువు దక్కుతుంది, పాస్టర్ గారు విమానం ఎక్కుతాడు. గాల్లోంచి విభూతి తీసే బాబాల మీద గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చినవాణ్ణి, అర నిమిషం పాటు నేనే ఒక బాబానయ్యాను. ఆ అర నిమిషమూ పాస్టర్ గారు నన్నే చూస్తున్నాడు. ఆయనకు నా ఆలోచన తెలిసిందని ఇప్పటికీ నా అనుమానం.

ఆఫీసుకు పరుగెత్తాను. లెటర్ సగం టైపయింది. "ఆపండి! తప్పు మీటర్‌ది... కాదు, నాది," అన్నాను.

యల్లా అన్న సంగతంతా విని నన్ను ఎగాదిగా చూశాడు. "అంటే మీటర్ల బ్యాటరీ ఉంటదని నీకు యాదికి లేదు, గానీ దేవుడు లేడని మాత్రం పక్కా ఎరుక?"

ఆ మేనేజర్ గదిలో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలుగు రాదు. అయినా అందరూ నవ్వారు.

లెటర్ చెత్తబుట్టలో పడింది. సొంత వైరింగ్ ఉండకూడదు కాబట్టి శిలువను సరిగ్గా బిగించి నన్నే సంతకం పెట్టమన్నారు. శిలువకు ఫ్యూజు పెట్టిన హేతువాది ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. పాస్టర్ గారు పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాడు. "మీ కోసం ప్రార్థన చేశానండి," అన్నాడు. నేను గుర్రుగా చూశాను. "మీటర్ కోసం కూడా చేశానండి, ఆయ్," అన్నాడు.

వాళ్ళ పిల్ల నర్సు అయింది. ఆయన ఊరికి వెళ్ళిపోయి చాలా కాలమైంది. నేను ఇక్కడే ఉన్నాను, దేవుడు లేడనే ఇప్పటికీ అంటున్నాను, కాకపోతే అడిగినవాళ్ళతోనే. రోజూ పొద్దున పని మొదలుపెట్టేముందు స్టోరులో ఒక కొత్త బ్యాటరీ ముందు నిలబడి, మీటర్ తీగలు రెండూ ఆనించి, అంకె కుదురుకునేదాకా కదలకుండా ఉంటాను. మొన్న ఒక కొత్త మెకానిక్ అది చూసి, టోపీ తీసి, చేతులు కట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. అయ్యాక, "సార్, ఇది ఏ దేవుడికి?" అని మెల్లగా అడిగాడు. పాత గొంతు ఒక్కసారి లేచింది. ఒక పెద్ద ఉపన్యాసం నాలిక చివరిదాకా వచ్చింది. తెర వైపు చూశాను: పన్నెండు పాయింట్ ఆరు. "టోపీ పెట్టుకో నాయనా, బయట ఎండగా ఉంది," అన్నాను.