పెడలుకు పూసిన కందెన

నా చిన్నప్పుడు తోటి పిల్లలు దెయ్యాలకి భయపడేవారు. నేను మాత్రం ట్రాక్టరు పెడలుకు భయపడ్డాను. ఇప్పటికీ ఎక్కడైనా ఇంజను ఉన్నట్టుండి గట్టిగా మోగితే నా కాళ్ళు వాటంతటవే రెండడుగులు వెనక్కి జరుగుతాయి.

కోటబొమ్మాళికి ఆరేడు మైళ్ళ దూరంలో మా ఊరు. మూడో తరగతితో నా బడి అయిపోయింది. తర్వాత అంతా ఇంటిపనే. అందులో నాకు బాగా వచ్చిన పని బండి ఇరుసుకు కందెన పెట్టడం. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి నూరితే నల్లగా, చిక్కగా వస్తుంది కందెన. అది పూస్తే చక్రం కీచుమనదు. పదేళ్ళ పిల్లనే అయినా నా కందెనకి ఇంట్లో మంచి పేరుండేది.

ఊళ్ళలోకి ట్రాక్టర్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. మా పెదనాన్న ఎవరో వాడిన పాతది ఒకటి కొని తెచ్చాడు. దాన్ని తోలడానికి విజయనగరం వైపు నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. ఎడమకాలి పెడలును క్లచ్ అంటారని, తొక్కి ఉంచితే ఇంజను మోగుతున్నా బండి కదలదని, కాలు తీస్తే కదులుతుందని, కుడివైపు ఉన్న రెండు పెడళ్ళూ బ్రేకులని ఆయనే మాకు చెప్పాడు. తొక్కినప్పుడల్లా ఆ క్లచ్ పెడలు కీచుమనేది. ఒకరోజు ఎడ్లబండికి పూయగా చిప్ప అడుగున కాస్త కందెన మిగిలింది. పారేయడానికి నాకు మనసొప్పలేదు. పిల్లలు ట్రాక్టరు ముట్టుకోకూడదని పెదనాన్న ఆజ్ఞ. అందుకని ఎవరూ లేనప్పుడు వెళ్ళి, పెడళ్ళు కదిలే మొదళ్ళలో వేలితో కూరి కూరి పెట్టాను. మర్నాడు పెడలు కీచుమనలేదు. లోలోపల ఎంత పొంగిపోయానో.

అంతలో నూర్పులు వచ్చాయి. కళ్ళంలో పరిచిన వరి మీద ట్రాక్టరు గుండ్రంగా తిరిగేది. మూడు రోజులు ఒకటే ఎండ, దుమ్ము, పొట్టు. నాలుగో రోజు పొద్దెక్కాక, ఆడవాళ్ళు గడ్డి తిరగేయాలని డ్రైవరు క్లచ్ తొక్కి బండి ఆపాడు. వాళ్ళు పని ముగించి పక్కకి జరిగారు. ఆయన కాలు తీశాడు. పెడలు మాత్రం పైకి లేవలేదు, బండి కదల్లేదు. ఏమైందా అని ఆయన కిందికి వంగాడు. బండి ఇంకా ఆగే ఉందనుకుని మా అమ్మ, మర్చిపోయిన చేట తీసుకోవడానికి మళ్ళీ ముందుకు వచ్చింది. అప్పుడే పెడలు పట్టు వదిలింది. ట్రాక్టరు ఒక్క ఉరుకు ఉరికింది.

"ఒలమ్మో!" అని మా పిన్ని అరవడం, అమ్మను జబ్బ పట్టి లాగడం ఒకేసారి జరిగాయి. చేట చక్రం కింద నుజ్జయింది. ఎదురుగా ఉన్న గడ్డికుప్పలోకి దూసుకుపోయాక ఇంజను ఆగింది. అమ్మ నేలమీద కూర్చుని తన కాళ్ళు తానే తడుముకుంటోంది. నా గోళ్ళలో నల్లటి మసి ఇంకా ఉంది. చేతులు వెనక్కి దాచుకున్నాను.

పెదనాన్న డ్రైవరు మీదికి వెళ్ళాడు. "ఏటిరా ఇది! కళ్ళు మూసుకుని తోల్తన్నావా? మనిషి పోతే తెస్తావేటి? ఇయ్యాళే నీ మూట కట్టుకో!"

"నా కాలు పెడలు మీద లేదు బాబూ. అదే పట్టీసినాది," అన్నాడాయన. ఆ మాట ఎవరూ నమ్మలేదు.

ఆయన బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. సుత్తితో మెల్లగా కొట్టి పెడలు సీల ఊడదీశాడు. దాని చుట్టూ పొట్టు, దుమ్ము కలిసి జిగురులా గట్టిపడిన నల్లటి ముద్ద. వేలితో తీసి వాసన చూశాడు, ఆముదం వాసన. తలెత్తి, కళ్ళం చివర నిలబడ్డ నన్ను చూశాడు.

"ఇటు రా గుంటా. ఈ కిరసనాయిలు గిన్ని పట్టుకో."

వెళ్ళాను. గిన్నెను రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన సీలను కడిగి, తుడిచి, రెండు చుక్కల ఇంజనాయిలు వేసి బిగించాడు. పెడలు తొక్కి వదిలితే టక్కున పైకి లేచింది. అప్పుడు, నాకొక్కదానికే వినబడేలా అడిగాడు: "ఇంకెక్కడెట్టినావు?"

పెదనాన్న నాలుగు బారల దూరంలో ముల్లుకర్ర పట్టుకుని ఉన్నాడు. ఇంకెక్కడా పెట్టలేదని చెబితే నేను బతికిపోతాను. కానీ ఆ మనిషి మళ్ళీ ఎక్కి కూర్చోవలసింది ఆ ట్రాక్టరు మీదే, మా అమ్మ మళ్ళీ గడ్డి దులపవలసింది దాని ముందే.

"బ్రేకులకి... రెండిటికీ," అన్నాను. భయంతో గొంతు పైకి లేచి, అందరికీ వినబడింది.

"ఒసే! మీ యమ్మని సంపీసేదానివి గదే!" పెదనాన్న కర్ర ఎత్తాడు.

డ్రైవరు లేచి మధ్యకు వచ్చాడు. "కొట్టకండి బాబూ. ఇప్పుడు కొడితే మరోపాలి సెప్పదు. మరోపాలి పక్కకి లాగడానికి ఎవులూ ఉండకపోవచ్చు."

కర్ర కొంతసేపు అలాగే గాలిలో ఉంది. తర్వాత దిగింది. మూట కట్టుకోమన్న మాట పెదనాన్న మళ్ళీ ఎత్తలేదు. ఆ నూర్పులు అయ్యేదాకా రోజూ పొద్దున్నే పెడళ్ళన్నీ నా చేత నొక్కించి చూశాకే డ్రైవరు సీటు ఎక్కేవాడు. నేను బాగున్నాయని చెప్పేదాకా ఎక్కేవాడు కాడు. దెబ్బలకన్నా దానికే ఎక్కువ వణికాను.

నేను మెతక మనిషిని కాను. మెతుకు పారేసినా ఊరుకోను, పగలు లైటు వెలిగినా ఊరుకోను. నా కోడళ్ళని అడిగితే ఇంకా చెబుతారు. పోయిన నెల పెళ్ళికని అందరం బస్సెక్కి ఊరు దాటాక, చిన్న మనవరాలు తాను గ్యాసు కట్టెయ్యలేదని చెప్పింది. అందరినీ దింపి వెనక్కి నడిపించాను. తిట్లు నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నీ మింగి, ఇంకేమైనా మర్చిపోయావా తల్లీ అని మాత్రం అడిగాను.

అది నా మొహంకేసి ఒకసారి చూసి, "పెరటి తలుపు కూడా," అంది.